అయస్కాంతం గది

"మంచినీళ్లు కూడా ముట్టను వదినా. ముందు నాకు జవాబు చెప్పు."

ఆడపడుచు ముందుగదిలో కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. మూతికున్న మాస్కు తీయలేదు, భుజానికున్న సంచి దించలేదు. చేతిలో గ్లాసుతో ఇల్లాలు ఆమె ఎదుట నిలబడి చాలాసేపైంది. ఆ గ్లాసు బల్ల మీద పెట్టాలో, లోపలికి తీసుకుపోవాలో, తనే గటగటా తాగేయాలో ఆమెకు తోచలేదు.

"నిన్న నా రక్తపరీక్షకి ఆస్పత్రికి వెళ్తే అక్కడి నర్సు అడుగుతోంది, మీ అన్నయ్యగారి కిడ్నీ స్కాన్ రేపేగా అని. నేను వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. మా అన్నయ్య ఒంట్లో సంగతి నర్సుకి తెలుసు. ఆస్పత్రి గేటు దగ్గర కాపలావాడికీ తెలిసే ఉంటుంది. నాకు తప్ప!"

"స్కాన్ అన్నంత మాత్రాన ఏదో అయిపోయిందని కాదమ్మాయ్. చూద్దామన్నారు, అంతే."

"ఎన్నాళ్ల నుంచి చూస్తున్నారు?"

ఇల్లాలు లోపలి గది తలుపు వైపు చూసింది. ఆ తలుపు వెనక ఆమె భర్త, లేతు మెషీన్ మీద ఇనుము చెక్కే మేస్త్రి, చొక్కా వేసుకుంటున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి ఇంతసేపు తీసుకునే మనిషి కాదు ఆయన. గాలివాన వెలిశాక నిమ్మళంగా బయటికి రావచ్చని ఆయన ఎత్తు. చెల్లెలికి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నదీ ఆయనే, ఇప్పుడు పెళ్లాన్ని బోనులో నిలబెట్టి తలుపు వెనక నక్కిందీ ఆయనే. ఇనుమును వెన్నలా కోసే మనిషి, చెల్లెలి కళ్లనీళ్లు చూడాలంటే మాత్రం పిల్లి.

"మాట్లాడవేం వదినా? చెప్తే నేనేం చేస్తాననుకున్నారు? తీసుకున్నది తిరిగిచ్చేస్తానేమోనని భయపడ్డారా?"



కొన్నేళ్ల కిందట ఆడపడుచుకు రెండు కిడ్నీలూ పాడైపోయినప్పుడు, మేస్త్రి తన కిడ్నీ ఒకటి తీయించి ఆమెకిచ్చాడు. అది ఇప్పుడు ఆమె ఒంట్లో లక్షణంగా పనిచేస్తోంది. ఈయన దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ ఈమధ్య నీరసించింది. ఇచ్చినందువల్లే ఇలా అయిందా అని అడిగితే డాక్టరమ్మ అవుననలేదు, కాదనలేదు. ఈ జబ్బు ఎలాగైనా వచ్చేదేమో, రెండూ ఉంటే ఇంత తొందరగా ఇబ్బంది పెట్టకపోయేదేమో అంది. ఆ రెండు 'ఏమో'ల మధ్య ఇల్లాలు అప్పట్నుంచీ నలిగిపోతోంది. తిరిగివ్వడమనే ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదంటే అబద్ధం. వచ్చేది. వచ్చినప్పుడల్లా చెంపలేసుకునేది. మళ్లీ వచ్చేది.

"అలాంటి మాటలు అనకు," అంది చివరికి.

"ఏంటి, వదినా మరదళ్లు పొద్దున్నే కచేరీ పెట్టారు?" అంటూ మేస్త్రి తలుపు తీసుకుని వచ్చాడు.

"నువ్వు మాట్లాడకు అన్నయ్యా."

"సరే, మాట్లాడను. నువ్వు మాత్రం ఆస్పత్రి గుంపులోకి రావడానికి వీల్లేదు. నువ్వు మింగే మాత్రలకి ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి తగ్గింది, ఎవరు తుమ్మినా జలుబు నీకే అంటుకుంటుంది. నీ దగ్గరున్నది నా సొత్తు. చెడగొట్టావంటే అద్దె పెంచేస్తా."

ఎప్పుడూ నవ్వే హాస్యానికి ఆడపడుచు ఈసారి నవ్వలేదు. "నేనూ వస్తున్నాను," అని లేచింది.

ఇల్లాలు గ్లాసులో నీళ్లు తనే తాగేసి, తాళంచెవి కోసం వెతికింది. అది ఆమె చేతిలోనే ఉంది.

---

టాక్సీలో మేస్త్రి ఎప్పటిలాగే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ చోటు కోసం ఆయన చిన్నపిల్లాడిలా ముందే ఎక్కేస్తాడు, గాలి కావాలంటాడు. ఆయన పక్కన ఇల్లాలు, ఆ చివర ఆడపడుచు. ఇద్దరి మధ్యా నలిగే యోగం ఇల్లాలికి కొత్త కాదు.

"ఇంతకీ ఏం స్కాన్ ఇది?" అంది ఆడపడుచు, వదినను కాకుండా ముందు సీటును అడుగుతున్నట్టు.

"కిడ్నీలో మచ్చలు ఎంత పడ్డాయో చూస్తారట," అంది ఇల్లాలు. "దెబ్బ తగిలి మానిన చోట చర్మం గట్టిపడుతుంది చూడు, లోపల కూడా అలాగే గట్టిపడుతుందట. మచ్చ కొంచెమే అయితే గట్టి మందు వేసి కిడ్నీని నిలబెట్టవచ్చు. ఎక్కువుంటే ఆ మందు వేసినా దండగేనట. పైగా ఒంటికి హాని. అప్పుడిక డయాలసిస్‌కి సిద్ధపడాలి. ఏదో తేలితే గానీ ఏ మందూ మొదలుపెట్టలేనంటోంది డాక్టరమ్మ."

"దానికి సూది గుచ్చి చిన్న ముక్క తీసి చూస్తారుగా. నాకు అలాగే చూశారు."

"నీకు అప్పుడు రెండున్నాయి."

ఈ మాట ఇల్లాలు ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అనలేదు. అయినా అది వెళ్లి తగలాల్సిన చోటే తగిలింది. ఆడపడుచు కిటికీ వైపు తిరిగిపోయింది.

"ఉన్నది ఒక్కటే కాబట్టి సూదికి డాక్టరమ్మ జంకుతోంది," అని మేస్త్రి అందుకున్నాడు. "గుచ్చిన చోట రక్తం ఆగకపోతే అసలుకే మోసం. ఈ స్కాన్‌లో గుచ్చేదీ లేదు, కోసేదీ లేదు. రంగు మందు కూడా ఎక్కించరు. నడుముకి ఒక పలక కట్టి సన్నగా వణికిస్తారట. ఆ వణుకు లోపల ఎలా పాకుతుందో మెషీన్ చూస్తుంది. మెత్తటి చోట ఒకలా, గట్టి చోట ఒకలా. లోపలున్న నీళ్లు తేలిగ్గా కదులుతున్నాయా, ఇరుక్కుపోతున్నాయా అన్నది కూడా చూస్తుందట. మా షాపులో పోత ఇనుముని సుత్తితో తట్టి, పగులుందో లేదో మోత విని చెప్పమూ? అదే విద్య."

"తట్టి చూడ్డానికి అంత పెద్ద మెషీనా?"

"లోపలంతా అయస్కాంతమేనే పిచ్చిదానా! మా షాపులో ఉన్నది దాని ముందు చీమ. కంట్లో ఇనుప రజను పడితే ఆ చీమే పీకేసేది. ఇక ఇది మనిషిని మొత్తంగా దులిపి పంపిస్తుంది."

తన మాటకు తనే నవ్వాడు. ఇల్లాలు సగమే విన్నది. డాక్టరమ్మ చివర్లో అన్న మాట ఆమె చెవిలో జోరీగలా తిరుగుతోంది. ఇది కొత్త పద్ధతి, ఇంకా నేర్చుకుంటున్నాం, సూది చెప్పినంత కచ్చితంగా చెబుతుందని మాటివ్వలేను, కానీ సూది కంటే ముందు ఇది చూడటం మంచిది అంది ఆవిడ. కచ్చితం కానప్పుడు చూడటమెందుకు? చూడకపోతే ఏం చేయాలి? ఇల్లాలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ అద్దం మార్చి, ఇప్పుడెలా ఉంది అని అడిగితే, బాగుందో బాగాలేదో ఏదో ఒకటి చెప్తారు. ఇక్కడ ఏదడిగినా 'ఏమో'నే.

---

స్కాన్ విభాగం ఆస్పత్రి నేలమాళిగలో ఉంది. పొడుగాటి నడవ, ఒక పక్క బెంచీలు, చివర గోడకు పైన ఒక చిన్న కిటికీ. జనం లేని చోట కూర్చోమని మేస్త్రి చెల్లెల్ని ఆ కిటికీ దగ్గరికి తరిమాడు. ఆమె వెళ్లింది గానీ వీపు ఇటు పెట్టి కూర్చుంది.

స్కాన్ గది తలుపు మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఉంది. లోపల అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని, ఇనుప వస్తువులతో రావద్దని. టెక్నీషియన్ బొద్దుగా, నెమ్మదిగా ఉన్న మనిషి. మేస్త్రి చేత గడియారం, బెల్టు, ఉంగరం తీయించి ఇల్లాలి చేతికిచ్చాడు. తరవాత రోజూ చెప్పే పాఠంలా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"గుండెలో మెషీన్ ఏమైనా పెట్టారా?"

"లేదండి."

"ఒంట్లో రాడ్లు, క్లిప్పులు?"

"కిడ్నీ తీసినప్పుడు పెట్టిన క్లిప్పులున్నాయి. అవి అయస్కాంతానికి అంటుకునే రకం కావని డాక్టరమ్మ చూసుకున్నారు."

"అవును, రాశారు. చెవి మెషీన్? కట్టుడు పళ్లు?"

"నావి సొంత పళ్లేనండి. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు."

టెక్నీషియన్ నవ్వాడు. "కంట్లో ఎప్పుడైనా ఇనుప ముక్క పడిందా?"

"లేదండి," అన్నాడు మేస్త్రి.

అబద్ధం ఆడుతున్న మొహం కాదది. ఇల్లాలికి ఆయన అబద్ధం మొహం బాగా తెలుసు. లేతు మెషీన్ ముందు ఇన్నేళ్లు నిలబడ్డ మనిషిని కంట్లో ఇనుము పడిందా అని అడగడం, పిండి మరలో పనిచేసేవాణ్ని ఒంటి మీద పిండి పడిందా అని అడిగినట్టే. పడుతుంది. తీసేస్తారు. టీ తాగుతారు. తీసేసింది వాళ్ల లెక్కలో పడినట్టు కాదు.

కానీ ఇల్లాలికి ఒక రోజు గుర్తొచ్చింది. ఆయన ఎర్రబడిన కన్నుతో ఇంటికొచ్చిన రోజు. ఏమైందంటే రజను పడింది, పక్క షాపు వెల్డరు అయస్కాంతం పెట్టి లాగేశాడు అన్నాడు. మొత్తం వచ్చిందా అంటే వచ్చిందన్నాడు. ఎవరు చూశారు? వెల్డరు చూశాడు. వెల్డరు కళ్ల డాక్టరా?

"ఇక రండి," అని టెక్నీషియన్ తలుపు తీశాడు.

చెప్తే స్కాన్ ఆపేస్తారు. ఈ స్కాన్ కోసం డాక్టరమ్మ ఎంతమందిని బతిమాలిందో ఆమెకు తెలుసు. స్కాన్ లేకపోతే సూది. సూదికి ఏమైనా అయితే, ఆ నేరం నోరు జారిన పెళ్లానిది. చెప్పకపోతే? మొత్తం వచ్చేసి ఉంటే ఏమీ కాదు. రాకపోతే కన్ను. నూలుపోగంత తేడా కొలిచే మనిషికి కన్ను పోతే చేతులున్నా లేనట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎందులో దూకమంటారో చెప్పేవాళ్లు కూడా లేరు. మేస్త్రి లోపలికి అడుగు వేయబోయాడు.

"ఆగండి!" అని అరిచింది. నడవలో అందరూ తిరిగి చూశారు. "పడింది. ఆయన కంట్లో ఒకసారి ఇనుప రజను పడింది."

టెక్నీషియన్ ఆ బరువైన తలుపును వెంటనే మూసేశాడు. ఆయన మొహంలో నెమ్మది పోయింది.

"ఏమైందే నీకు? అది ఎప్పుడో తీసేశారని చెప్పానుగా?" అన్నాడు మేస్త్రి.

"ఎవరు తీశారండీ? డాక్టరా?" అని అడిగాడు టెక్నీషియన్.

"మా పక్క షాపాయన. మా దగ్గర అందరికీ ఆయనే తీస్తాడు. చెయ్యి మంచిది."

"చెయ్యి మంచిదైతే సంతోషం. ఇసుక రేణువంత మిగిలినా ఈ అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది. కంట్లో కదిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పక్క గదిలో కళ్లకి ఎక్స్‌రే తీయించుకుని రండి. ఏమీ లేకపోతే వెంటనే స్కాన్ చేసేద్దాం."

ఎక్స్‌రే గదికి వెళ్తూ మేస్త్రి గొంతు తగ్గించి అన్నాడు. "నిన్నెవరు అడిగారు? నలుగురిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు."

"ఏమీ లేకపోతే ఏమీ కనపడదుగా. మీకెందుకు భయం?"

ఆయన జవాబు చెప్పలేదు. ఆ మౌనం ఇల్లాలికి నచ్చలేదు. కోపమొస్తే ఆయన అరుస్తాడు, భయమేస్తే జోకులేస్తాడు. ఇలా ఊరుకోవడం ఆమె ఎరగదు.

---

డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించింది. ఎడమ కంటి గుంటలో ఒక తెల్లటి చుక్క. పెన్సిలు మొనతో పెట్టినంత. అది చూడగానే ఇల్లాలికి ముందు సంతోషం కలిగింది. ఆగండి అని అరవడం మంచిదయింది, కన్ను దక్కింది అనుకుంది. ఆ వెంటనే స్కాన్ పోయిందన్న సంగతి బుర్రకెక్కింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

"మొత్తం వచ్చేసిందనే అనుకున్నానండి," అన్నాడు మేస్త్రి. ఆయన ఆ చుక్క వైపు నిజంగానే వింతగా చూస్తున్నాడు.

"ఇది చాలా కాలంగా లోపల ఉన్నట్టుంది," అంది డాక్టరమ్మ. "ఇనుము కంట్లో ఉండిపోతే మెల్లగా తుప్పు పట్టి చూపు తగ్గిపోతుంది. ఆ కన్ను బాగానే కనిపిస్తోందా మేస్త్రిగారూ?"

"ఆఁ, బాగానే ఉందండి. మా ఆవిడ కళ్లజోళ్ల షాపులోనే చేస్తుంది. ఏదైనా ఉంటే ఆవిడే పట్టుకునేది."

ఆ మాట విన్నాక ఇల్లాలి చేతులు వాటంతట అవే కదిలాయి. దుకాణంలో రోజూ చేసే పనే. తన కుర్చీని ఆయన దగ్గరికి జరుపుకుని, అరచేత్తో ఆయన కుడికన్ను మూసింది.

"నా వేళ్లు ఎన్ని?"

"ఏమిటిది, డాక్టరుగారి ముందు..."

"ఎన్నండీ?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "మూడు," అన్నాడు.

ఇల్లాలి రెండో చెయ్యి ఆమె ఒళ్లోనే ఉంది, ఆయన బెల్టునూ గడియారాన్నీ గట్టిగా పట్టుకుని. అసలు ఆమె ఆ చెయ్యి ఎత్తనేలేదు.

డాక్టరమ్మ చూసింది. చూసి, ఫిల్మును మెల్లగా బల్ల మీద పెట్టింది. ఇల్లాలు అరచెయ్యి తీయలేదు. తీస్తే ఆయన తన మొహం చూస్తాడు. ఆ మొహం ఎలా పెట్టాలో ఆమెకు తెలియడం లేదు.

"రెండా?" అన్నాడు మేస్త్రి చిన్న గొంతుతో.

---

తరవాత డాక్టరమ్మ చెప్పింది సగం అర్థమైంది, సగం గాల్లో కలిసిపోయింది. ఇవాళ స్కాన్ లేదు. కంటి డాక్టరు చూడాలి. ముక్క తీయగలిగితే తీసి, కన్ను మానాక అప్పుడు స్కాన్.

"తీయలేకపోతే?" అంది ఇల్లాలు.

"సూది గుచ్చి అయినా చూడాలి, లేదా ఏమీ చూడకుండా మందైనా మొదలుపెట్టాలి. రెండూ నాకు ఇష్టం లేదు. ఎక్కువ రోజులు ఆగడమూ ఇష్టం లేదు. మచ్చ మన కోసం ఆగదు."

"డాక్టరుగారూ," అన్నాడు మేస్త్రి. గొంతులో బేరమాడే ధోరణి వచ్చింది. "ఎలాగూ కనపడని కన్నే కదండీ. పోతే పోయింది. దాన్ని వదిలేసి స్కాన్ చేసేయండి. కిడ్నీ తేలిపోతుంది."

"కనపడకపోయినా అది కన్నేనండి. లోపల చీలితే రక్తం, నొప్పి, ఆ తరవాత ఏమవుతుందో నేను చెప్పలేను. ఆ గదిలోకి మిమ్మల్ని నేను పంపను."

"సంతకం పెడతాను."

"ఎన్ని పెట్టినా పంపను."

ఇద్దరూ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మేస్త్రి బెంచీ ఎడమ కొసకు జరిగి ఇల్లాలికి కుడిపక్కన చోటిచ్చాడు. ఇన్నేళ్లూ ఆయన ఇలాగే చోటిస్తున్నాడు. రోడ్డు మీద నడిచినా, టాక్సీలో కూర్చున్నా, మంచం మీదైనా ఆమె కుడిపక్కే ఉండాలి. తనమీద ముద్దుతో అనుకుంది పిచ్చి మాలోకం. కళ్లు చూపించుకోండి, మా దుకాణంలో ఉత్తినే చూస్తారు అని ఎన్నిసార్లు పిలిచినా, పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదే అని నవ్వేసేవాడు. ఆమె కూడా నవ్వేది. ఊరందరికీ కళ్లజోడు పెట్టి పంపే మనిషి, పక్కలో పడుకున్నవాడి కన్ను చూడలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

కోపం ముంచుకొస్తోంది. కానీ ఎవరి మీద? ఆయన మీదా, వెల్డరు మీదా, తన మీదా? పట్టుకుందామంటే ఏదీ చేతికి చిక్కడం లేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఒక్కసారిగా పోలేదే. మొదట మసగ్గా ఉండేది. అలవాటైపోయింది. తరవాత చీకటయింది. అదీ అలవాటైంది. ఒక కంటితో కొలిస్తే గీత ఇంకా సూటిగా కనిపిస్తుంది తెలుసా?"

"జోకులొద్దు."

"సరే."

"అసలు ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకోలేదా మీరు? ఒక్కరోజు కూడా మానేవారు కాదే."

మేస్త్రి ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. చొక్కా గుండీ ఒకటి పెట్టి ఉంది, అయినా దాన్ని మళ్లీ విప్పి పెట్టాడు.

"కిడ్నీ ఇచ్చి వచ్చాక లేతు దగ్గరికి ఇప్పుడప్పుడే పోవద్దన్నారు గుర్తుందా? నేను పోయాను."

"నాకు తెలుసు. ఖాళీగా ఉండలేనన్నారు."

"అందుక్కాదు. నేను మంచం మీద కనబడితే చాలు, చెల్లి ఏడ్చేది. రోజూ రావడం, నన్ను చూడటం, ఏడవడం. కొత్త కిడ్నీతో ఉన్న మనిషి అలా కుమిలిపోతే అది నిలబడుతుందా? నేను బాగున్నానని దానికి కనబడాలి. అందుకే షాపుకి పోయాను. నిటారుగా నిలబడితే కుట్లు లాగేవి. మెషీన్ మీదికి వంగి పనిచేసేవాణ్ని. వంగితే కళ్లద్దాలు జారిపోయేవి. విసుగొచ్చి తీసి పక్కన పెట్టాను. అంతే."

ఇల్లాలి చూపు ఆయన భుజం మీదుగా అవతలికి పోయింది.

ఆడపడుచు అక్కడ నిలబడి ఉంది. ఎడమ పక్కన, బెంచీకి ఆనుకున్నంత దగ్గరగా. ముగ్గురికీ తెచ్చిన టీ కప్పులు రెండు చేతుల్లోనూ ఉన్నాయి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి ఉందో. మాస్కు పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్లు చూశాక, మొత్తం విన్నదా అని అడగాల్సిన పని లేదు.

మేస్త్రి మాట్లాడుతూనే ఉన్నాడు.

"కిడ్నీ సంగతి ఎలాగూ తెలిసిపోయింది. ఈ కంటి సంగతి మాత్రం చెల్లికి చెప్పకు. దాని కోసమే పోయిందని తెలిస్తే ఇక బతికినన్నాళ్లూ మెతుకు మింగలేదు. స్కాన్ మెషీన్ పాడైందని చెబుదాం. ఏం?"

ఊరుకోండి అని ఇల్లాలు అనవచ్చు. మోకాలి మీద తట్టవచ్చు, కనుసైగ చేయవచ్చు. ఏదీ చేయలేదు. ఆపడం న్యాయమో ఆపకపోవడం న్యాయమో తేల్చుకోలేక, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఒకరికి తెలియకుండా ఒకరిని కాపాడుకుంటూ వచ్చిన ఈ ఇంట్లో, చివరికి ఎవరు ఎవర్ని కాపాడినట్టు?

"మాట్లాడవేం? ఒట్టెయ్యి," అన్నాడాయన.

ఆడపడుచు వంగి, టీ కప్పులు చప్పుడు కాకుండా నేలమీద పెట్టింది. లేచి, అన్నయ్య ఎడమ భుజం మీద చెయ్యి వేసింది.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. కానీ అటు తిరగలేదు. కుడికన్ను ఇల్లాలి మొహం మీదే ఉంది, ఆ మొహంలో ఉన్నదాన్ని చదువుతున్నట్టు.

"ఎవరే అది?" అన్నాడు. "చెప్పవే. నా పక్కన ఎవరు?"